ఆరోగ్యమేరి కుంపటి

దీపం పెట్టిన తరువాత ఇంట్లోంచి నిప్పు బయటికి ఇస్తే ఆ నిప్పు వెంట లక్ష్మి కూడా వెళ్ళిపోతుందని మా అమ్మ చెబుతుంది. ఆమెకు ఆమె అత్త చెప్పింది, ఆమె నా భార్య కన్యకకు చెప్పింది, నేను ఎవరికీ చెప్పలేదు గాని తప్పకుండా పాటించాను. ఆ మాట నిజమా కాదా అన్నది నా సందేహం కాదు. నిజమైతేనే నాకు ఇబ్బంది. మా కూతురు అమ్మణి పుట్టిన యేడు, తుఫాను దాటిపోయిన మర్నాటి సాయంత్రం, ముంగిలి అవతలి ఇంటి ఆరోగ్యమేరి, వాళ్ళ మేరీమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించిన తరువాతే మాకు ఈ కుంపటి నిండా నిప్పులు పోసి ఇచ్చింది. అంటే ఆమె ఇంట్లోంచి వెళ్ళింది మా ఇంట్లోకి వచ్చినట్టేనా? అంతవరకు ఒకరి గోనెసంచుల మండీలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి, మరుసటి యేడే సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాను. ఆ యేడే ఆమె భర్త సూసై ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. ఈ రెంటినీ ఒక దారంతో కట్టకూడదు, అది నాకు తెలుసు. రోజూ సంధ్య దీపానికి నమస్కారం చేసుకుని కళ్ళు తెరిచినప్పుడు వాకిట్లోంచి ఎదురుగా ఆమె తలుపే కనిపిస్తుంది, కట్టకుండా ఉండలేను. ఇవాళ కూడా నమస్కారం అయింది, కళ్ళు తెరిచాను, ఆ తలుపు కనిపించింది, సందులోంచి పొగ వస్తూంది.

శుక్రవారం, మార్గళి, అంటే ధనుర్మాసం, కరెంటు లేదు. మా వంతు కోత దీపాల వేళకే పడుతుంది, ఎవరు లెక్క వేశారో గాని దీపం పెట్టే సమయం బాగా తెలిసినవాడే. పూజ మందిరంలో ప్రమిద, మా అమ్మ కాళ్ళకూ నా కాళ్ళకూ మధ్య కుంపటి, ఇంట్లో వెలుతురు ఈ రెండే. అమ్మ మోకాళ్ళ మీదికి కప్పుకున్నది గోనె, లోపల పాత పట్టు చీర ముక్క కుట్టిన గోనె, కొట్లో చినిగిన సంచులన్నీ ఈ కాలంలో ఇంటికే వస్తాయి. చాపల కింద రెండు వరసలు పరిచాము, వాకిలి గడప సందులో ఒకటి చుట్టి పెట్టాము, వీధివైపు కిటికీకి ఒకటి వేలాడదీశాము. పైన గాలి వచ్చే గూటి కన్ను మాత్రం ఎప్పుడూ మూయము, బొగ్గు కాలే ఇంట్లో గాలి ఆడకపోతే పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారని మా నాయన చెప్పిన మాట. మద్రాసులో చలేమిటని ఊటీ నుంచి వచ్చే బియ్యం దళారి మాదయ్య నవ్వుతాడు, ఆయన మెడలో మఫ్లరు కూడా ఉండదు. నవ్వనీ. ఈ ఊళ్ళో చలి గాలిలో ఉండదు, గోడల్లో ఉంటుంది. కార్తికమంతా కురిసిన వాన గోడలు తాగుతాయి, మార్గళిలో కొంచెం కొంచెంగా మనకే తిరిగి ఇస్తాయి. తెల్లవారుజామున ఎర్ర గచ్చు మీద కాలు పెడితే తెలుస్తుంది. ముసలి మోకాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ యేడు కిరసనాయిలు చూడటమే కష్టమైంది. రేషను కొట్లో డబ్బాలు వరసలో పెట్టి మనుషులు ఇంటికి పోతున్నారు, మర్నాడు వచ్చి చూస్తే డబ్బాలు అట్లాగే ఉంటాయి. కన్యక అన్నం సగం ఉడకగానే దించేసి మూత పెట్టి, వరిగడ్డి నింపిన పెట్టెలో దించి పైన గోనె కప్పుతుంది, మిగతా సగం దానంతట అదే ఉడుకుతుంది. మొదట్లో అమ్మ నమ్మలేదు, నిప్పు లేకుండా అన్నం ఎట్లవుతాదే అని పెట్టె చుట్టూ తిరిగింది, తీరా మూత తీస్తే పొగలు. స్నానానికి నీళ్ళు మిద్దె మీద ఎండలో కాగుతాయి. ఇంట్లో ప్రతి గిన్నె అద్దంలా తోమించే మా అమ్మ ఒక్క గుండిగను మాత్రం మసి వదలకుండా ఉంచమంటుంది, నల్లటి గుండిగ ఎండను బాగా పట్టుకుంటుందట. ఎవరు చెప్పారమ్మా అంటే, నల్ల చీర కట్టుకుని మిట్టమధ్యాహ్నం కొత్తవాల్ చావడి బజారుకు పోయి చూడరా నీకే తెలుస్తాది అంది. సాయంత్రం మూడున్నరకల్లా గుండిగ దించి దానికీ గోనె చుడతాము. ఒక్క అమ్మకే వేణ్ణీళ్ళు, తెల్లవారుజామున నా స్నానం చన్నీళ్ళే, అది మొక్కు కాదు, పొదుపే. మొక్కు అని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుందని కన్యక నవ్వుతుంది. వేంకటేశ్వరుడి పటానికి కూడా ఆమె పాత మఫ్లరు ముక్క కత్తిరించి చుట్టూ కట్టింది. దేవుడికి చలి వేస్తుందా అని ఒకనాడు గుళ్ళో అయ్యవారిని అడిగాను. ఆయనకు వేయదు నాయనా, నీకు వేస్తుంది గనక ఆయనకు కప్పాలని నీకు తోస్తుంది, ఆ తోచడం కోసమే ఆయన చలి పెడతాడు అన్నాడు. ఆ జవాబు అప్పుడు బాగుందనిపించింది. ఇంటికి వచ్చేలోపల ఇంకో సందేహం పుట్టింది. కప్పాలని తోచడం వరకే సరిపోతుందా అని.

పొగ ఎక్కువైంది. రంపపు పొట్టు పొగ, తడిసిన పొట్టు, వాసన తెలుస్తుంది. ఆరోగ్యమేరి పొట్టు పొయ్యి వాడుతుంది, డబ్బాలో పొట్టు దట్టంగా కూరి, నడుమ కర్ర నిలబెట్టి, కర్ర లాగేస్తే మిగిలే బొక్కలో నిప్పు పెడితే గంటలకొద్దీ మెల్లగా కాలుతుంది, పొట్టు పొడిగా ఉంటే. నిన్నటి వానకు ఆమె వంటింటి రేకు కారింది. విసనకర్ర చప్పుడు, దగ్గు, మళ్ళీ విసనకర్ర. నడుమ నడుమ పసిబిడ్డ ఏడుపు. ఏడుపు అనకూడదు, పిల్లి పిల్ల గొంతులా ఉంది. ఆమె కోడలు నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చింది, నెల తక్కువ బిడ్డ, వెచ్చగా ఉంచండి, ఒంటికి గాలి తగలనీయొద్దు, అంతకంటే మందు లేదని చెప్పి పంపారు. ఆమె కొడుకుది కోడంబాక్కంలో సినిమా షూటింగులకు లైట్లు మోసే పని, రాత్రి పనికి మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. ఎంత వెలుతురు మధ్య ఉన్నాడో ఇప్పుడు, ఆ లైట్ల కింద నిలబడితే చెమట పడుతుందట. ఈ ముంగిలిలో ఉన్నది మూడిళ్ళే. మూడో ఇంటి నాగప్పన్ మాల వేసుకుని శబరిమల వెళ్ళాడు, పెళ్ళాం పిల్లలు పుట్టింటికి పోయారు, తాళం. ఇక నిప్పున్నది మా ఇంట్లోనే. అది ఆమెకు తెలుసు. ఆమె అడగదు, అదీ నాకు తెలుసు. పోయిన యేడు నాగప్పన్ పెళ్ళాం సంధ్యవేళ బీడీ ముట్టించుకునే మొగుడి కోసం నిప్పుకని మా వాకిలి వైపు రాబోతే, ఆరోగ్యమేరే ఆపింది. దీపం పెట్టేసినారు, ఇంక ఆ ఇంట్లో అడక్కూడదు అని చెప్పడం నేను విన్నాను. మా ఆచారానికి మాకంటే ఆమె కాపలా ఎక్కువ.

అమ్మణి తడి కాళ్ళతో వచ్చింది. స్కూలు విడిచినప్పటినుంచి అక్కడే ఉంది, బిడ్డను చూడటానికి. చాప మీద కూర్చుని రెండు చేతులూ కుంపటి మీద చాపింది. "నాన్నా, పాప కాల్ తొట్టు పార్తేన్, జిల్లున్ను ఇరుక్కు," అంది. తెలుగులో చెప్పవే అని అమ్మ అంటే, "కాళ్ళు చల్లగా ఉండాయి అవ్వా, ఐసు మాదిరి," అంది. "మేరి అత్త చీరలన్నీ చుట్టేసింది. అయినా చల్లగానే ఉండాది." అమ్మణి చేతులు చూస్తున్నాను. ఈ చేతులు కూడా ఒకప్పుడు అట్లాగే ఉండేవి, గోరంత వేళ్ళు, నీలంగా. ఈ కుంపటి వెచ్చదనానికే ఎర్రబడ్డాయి.

తుఫాను దాటిన ఆ సాయంత్రం ఇంట్లో పొడిగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. తుఫాను మిద్దె పిట్టగోడ కూల్చింది, నీళ్ళు మెట్ల మీదుగా దిగి ఇంట్లో నిలబడ్డాయి, కట్టెలు తడిసి, బొగ్గు తడిసి, అగ్గిపెట్టె ముట్టుకుంటే ముద్దగా ఊడివచ్చింది. అమ్మణి పుట్టి నాలుగు రోజులు. కన్యక బిడ్డను పొట్టకు అంటించుకుని తడి గోడకు వీపు ఆనకుండా మంచం మధ్యలో కూర్చుంది. మా అమ్మ లేచి ముంగిలి దాటింది. అవతలి అరుగు ఎత్తు, ఆ ఇంట్లోకి నీళ్ళు పోలేదు, పోయినా సూసై పొయ్యి ఆరేది కాదు. అతనిది వ్యాసర్పాడి రైలు యార్డులో పని, ఇంజన్ల కింద దులిపేసిన సగం కాలిన బొగ్గు గంపలో ఏరుకుని తెచ్చేవాడు, ఒకసారి కాలిన బొగ్గు రెండోసారి పొగ లేకుండా కాలుతుందని చెప్పేవాడు. అడగడం తప్పు కాదట, ఇవ్వడమే తప్పట, అమ్మను తరువాత నేను అడిగితే అన్నది అది. వాళ్ళకు ఆ పట్టింపు లేదు గదరా అంది. మేరి కొవ్వొత్తి అప్పటికే వెలిగించింది కదమ్మా అంటే, కొవ్వొత్తి దీపం కిందికి వస్తాదా రాదా నీ అయ్యవారినే అడుక్కో అంది. అడగలేదు. రాదని చెబితే నాకు బాగుంటుంది, ఆమె మాత పటానికి బాగుండదు. వస్తుందని చెబితే ఈ సందేహం ఇంకా గట్టిపడుతుంది. ఆరోగ్యమేరి కుంపటిని చేతుల్లో పెట్టుకుని తానే తెచ్చింది, మోకాలిలోతు నీళ్ళలో, తల మీద గొడుగు బదులు సూసై పట్టుకున్న తట్ట. మంచం పక్కన పెట్టి, కన్యక కాళ్ళు తడిమి చూసి, "నాళైకి ఇద్దురు లే, తొందర లేదు," అని వెళ్ళిపోయింది.

ఆ నాళై, ఆ రేపు, రాలేదు. వచ్చే దారి మేమే మూసేశాము. నీళ్ళు తీసిన తరువాత కుంపటి తిరిగి ఇవ్వబోతే అమ్మ అడ్డం వచ్చింది. నిండుగా వచ్చిన పాత్ర ఒట్టిది చేసి ఇవ్వకూడదు. సరే బియ్యం పోసి ఇస్తామంటే, నిప్పు పెట్టే చట్టిలో బియ్యం పోస్తారా, అది ఏ సందర్భంలో చేస్తారో తెలుసునా అంది. బొగ్గు పోసి ఇస్తామంటే, బొగ్గు నలుపు, శుభం కాదు. నిప్పు తోనే ఇస్తామంటే, పగలు వాళ్ళింట్లో పొయ్యి ఉండనే ఉంది, అక్కర లేని ఇంటికి నిప్పు తీసుకుపోవడం కొరివి పెట్టడం వంటిది. సంధ్య తరువాత ఇవ్వనే కూడదు. పైగా చేతిలో నిప్పుల చట్టి పట్టుకుని మగవాడు ఇంటి గడప దాటేది బతుకులో ఒక్క పనికే. ఆ పని నేను ఒకసారి చేశాను, నాయన పోయినప్పుడు, చట్టి తాడు మణికట్టును కోసింది, ముందు నడవమన్నారు, వెనక్కు చూడొద్దన్నారు, వేడి ఎడమ తొడకు తగులుతూనే ఉంది మూలకొత్తళం శ్మశానం దాకా. ఇట్లా అన్ని దారులూ మూసుకుపోయి కుంపటి మా ఇంట్లోనే ఉండిపోయింది. కార్తికం చివర అటక దిగుతుంది, మార్గళి తరువాత అటక ఎక్కుతుంది. ఆరోగ్యమేరి ఒక్కసారైనా అడగలేదు. మా అమ్మ దీపావళికి లడ్లు పంపుతుంది, క్రిస్మసుకు ఆమె కేకు పంపుతుంది, ఆ పళ్ళేలన్నీ సరిగ్గా తిరిగి వెళ్ళాయి, ఏ పళ్ళెమూ ఒట్టిగా వెళ్ళలేదు, కుంపటి ఒక్కటే వెళ్ళలేదు. సూసై పోయిన రోజున నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చుని అదే ఆలోచించాను. ఇనుప కమ్మి అతను చుట్టిందే, కుంపటి మూతి చుట్టూ, పగులు పెరగకుండా. మనిషి పోయాడు, కమ్మి మా ఇంట్లో ఉంది.

అవతల విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. పొగ సన్నబడింది, అంటే అంటుకోలేదు, ఆరిపోయింది. ఇంక ఆమె పొయ్యి ముందునుంచి లేచి ఉంటుంది, బిడ్డను తన రవిక లోపల పెట్టుకుని కూర్చుంటుంది, అంతకంటే ఏం చేస్తుంది. ఆమె మనిషి సన్నం, ఒంట్లో ఎంత వేడి ఉంటుంది. కరెంటు వస్తే బల్బు దగ్గర పెట్టవచ్చు, ఈ కోత ఇంకా రెండు గంటలు. బొగ్గు కొట్టు మూసేశారు. మా కుంపటి ఎర్రగా ఉంది, పైన తెల్లటి బూడిద పొర, కన్యక దాన్ని అట్లా కప్పి ఉంచుతుంది, నిప్పు తొందరగా తనను తాను తినేయకుండా. ఇది ఇచ్చేస్తే అమ్మ మోకాళ్ళు. అది కాదు. మోకాళ్ళకు గోనె ఉంది. అసలు విషయం ప్రమిద. లక్ష్మి ఎట్లా ఉంటుంది, ఇంట్లోంచి ఎట్లా వెళ్తుంది, నడిచి వెళ్తుందా, నిప్పులా చట్టిలో కూర్చుని వెళ్తుందా. నిప్పు ఇచ్చినా ఇచ్చిన ఇంట్లో నిప్పు తగ్గదు, ఒక నిప్పుతో ఇంకో పొయ్యి వెలిగిస్తే మొదటిది అట్లాగే ఉంటుంది, అది చిన్నప్పుడే చూశాను. ఇక్కడ అట్లా కాదు, మొత్తం కుంపటే ఇవ్వాలి, తగ్గుతుంది. తగ్గితే తగ్గినట్టే. ఆ రోజు సూసై పొయ్యి తగ్గింది. కొట్టు పోతుందా. గోనె ధర పడిపోతుందా. అమ్మణికి ఏమైనా... ఆ మాట లోపల కూడా పూర్తి చేయలేదు. బిడ్డ ఏడవడం లేదు. ఏ బిడ్డయినా ఏడిస్తే బాగుండునని ఇంతకుముందు నాకు ఎప్పుడూ తోచలేదు, ఇప్పుడు తోచింది.

"అమ్మా," అన్నాను.

"విన్నా," అంది అమ్మ. నేనింకా ఏమీ చెప్పలేదు. అమ్మ ప్రమిద వైపు చూడలేదు, కుంపటి వైపు చూసింది. కన్యక వంటింటి గడప దగ్గర వచ్చి నిలబడింది, చేతిలో బొగ్గుల డబ్బా.

"శుక్రవారం," అన్నాను.

"నాకు తెలీదా. పొద్దున్నించీ తలంటుకుని కూర్చోనుండా." అమ్మ గోనె మోకాళ్ళ మీద సర్దుకుంది. "ఆ పొద్దు నేను పోయి అడిగినానే, ఆమె మాతను అడిగి వస్తాననిందా? చట్టి తీసింది, వచ్చింది." కుంపటి వైపు వేలు చూపింది. "ఒట్టిది ఇవ్వకూడదని అన్నా, నిజమే. ఇప్పుడు నిండుగా ఉండాది గదరా. అక్కర లేని ఇంటికి ఇవ్వకూడదన్నా. అక్కర ఉండాది."

"దీపం పెట్టేసినామే."

"పెట్టేసినాము. లక్ష్మి పోతే పోనీ, ముంగిలి దాటేదానికి ఆమెకేం రైలు కావాలా. ఎదురిల్లే గదా, రేపు పిలుచుకొస్తా." కన్యక వైపు తిరిగింది. "ఇంకా నాలుగు పెద్ద బొగ్గులు పెట్టవే. ఇన్నేండ్లు వాడుకున్నాము, ఆడకు పోయి చిన్నబోకూడదు."

కన్యక పైన నల్ల బొగ్గులు పేర్చి విసిరింది, అంచులు ఎర్రబడ్డాయి. నేను గోనె రెండు మడతలు పెట్టి కుంపటి రెండు వైపులా పట్టుకున్నాను. లేచి నిలబడ్డాను. గడప దగ్గర కాళ్ళు ఆగాయి, వేడి ఎడమ తొడకు తగిలింది, అదే వేడి, అదే చోట. వెనక్కు చూడకూడదన్న మాట గుర్తొచ్చి చూశాను. ప్రమిద ఉంది. అమ్మ ఉంది.

"ఏంరా చూస్తుండావు," అంది అమ్మ. "నేనింకా పోలేదు, ఈడనే ఉండా. దోవలో ఎవరన్నా అడిగితే ఆ మాట చెప్పు, పో."

అమ్మణి నవ్వి ముందు పరిగెత్తింది. ముంగిలి గచ్చు తడిగా చల్లగా ఉంది. మెల్లగా నడిచాను, గాలికి నిప్పు రవ్వ ఒకటి లేచి ఆరిపోయింది. అమ్మణి తలుపు తట్టకుండానే తోసింది. లోపల చీకట్లో మాత పటం ముందు కొవ్వొత్తి ముక్క, దాని పక్కన ఆరోగ్యమేరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నేను అనుకున్నట్టే, బిడ్డ రవిక లోపల. లేచింది. నా చేతుల్లోది చూసింది, వెంటనే మా ఇంటి వాకిలి వైపు చూసింది.

"దీపం పెట్టేసినారే, చెట్టియారే."

"పెట్టేసినాము."

"పెద్దమ్మకు తెలుసునా?"

"ఆమే పంపించింది."

"అప్పుడు సరి," అంది. బిడ్డను కోడలి చేతికిచ్చి, చీర చెంగు చేతులకు చుట్టుకుని కుంపటి అందుకుంది. మంచం పక్కన పెట్టి వంగి మూతి చుట్టూ వేలితో తడిమింది, వేడిగా ఉన్నా. "ఇది నాది కదా. ఆయన కట్టిన కమ్మి అట్లనే ఉండాదే. నేను పగిలిపోయుంటాదనుకున్నా." కోడలు బిడ్డ కాళ్ళు విప్పి నిప్పుకు ఎదురుగా పెట్టింది. చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత బిడ్డ ముఖం ముడుచుకుని, నోరు తెరిచి, గట్టిగా ఏడ్చింది, పిల్లిలా కాదు.

"కిటికీ కొంచెం తెరిచి పెట్టమ్మా, బొగ్గు," అన్నాను. ఇంకా ఏదో అడగాలి. ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది, ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు. "మేరీ, ఆ పొద్దు మీరు మాకు ఇది ఇచ్చినాక..." అన్నాను.

"వాకిట్లో నిలబడుకుని మాట్లాడితే చలి లోపలికి వస్తాది, చెట్టియారే," అంది ఆరోగ్యమేరి. "రేపు మాట్లాడుదాము. తలుపు మూసేస్తా." మూసేసింది. అమ్మణి లోపలే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాను. ప్రమిద వెలుగుతూనే ఉంది, వెలగకపోవడానికి కారణం ఏముంది, కన్యక నూనె నిండుగా పోసింది. కుంపటి ఉన్నచోట గచ్చు మీద గుండ్రంగా బూడిద. దాని మీద చెయ్యి పెట్టాను, ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ నా చేతుల వైపు చూసింది.

"ఒట్టి చేతులతో వచ్చినావా?"

"ఒట్టి చేతులే."

"మంచిది, ఇంక తిరిగి ఇచ్చేది ఏమీ లేదు," అంది అమ్మ. గోనె అంచు ఎత్తి నా కాళ్ళ మీదికి కూడా లాగింది.